సగం సీజన్‌కే డిఫెన్స్‌ను అంచనా వేయడం ఎలా? పాయింట్ల పట్టికకూ గజాల పట్టికకూ పొంతన కుదరడం లేదు

ప్రశ్న: గజాలలెక్క

నేను అనుసరించే ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు ఈ సీజన్‌లో ఎనిమిది మ్యాచ్‌లు ఆడింది. పేరు చెబితే చర్చ అభిమానుల వాదులాటగా మారుతుందేమోనని జట్టు పేరు రాయడం లేదు. నా సందేహం ఏ జట్టు విషయంలోనైనా రాగలదే. ప్రత్యర్థులకు ఇచ్చిన పాయింట్లను బట్టి చూస్తే మా డిఫెన్స్ (ప్రత్యర్థి దాడిని ఆపే దళం) లీగ్‌లో మొదటి వరుసల్లో ఉంది. ఇచ్చిన గజాలను బట్టి చూస్తే అదే డిఫెన్స్ దాదాపు అట్టడుగున ఉంది. ఆటగాళ్లు వాళ్లే, మ్యాచ్‌లు అవే, అయినా రెండు పట్టికలూ రెండు వేర్వేరు జట్ల గురించి మాట్లాడుతున్నట్టు ఉన్నాయి.

మొదట్లో నేను పాయింట్ల పట్టికనే నమ్మాను. గెలుపోటములు తేల్చేవి పాయింట్లే కదా, గజాలు ఎన్ని ఇస్తే ఏమిటి అనుకున్నాను. అయితే మ్యాచ్ చూస్తూ ప్రత్యర్థి డ్రైవ్‌లను (బంతి ఒకసారి చేతికొచ్చి పోయేదాకా సాగే దాడులను) ఒక్కొక్కటిగా నోటుపుస్తకంలో రాసుకునే అలవాటు నాకు ఉంది. పోయిన ఆదివారం రాసుకున్న పేజీని మళ్లీ చదివిన తర్వాత మనసు కుదురుగా లేదు. ప్రత్యర్థి నాలుగు సార్లు మా ఇరవై గజాల గీత లోపలికి వచ్చింది. ఒకసారి రెండు గజాల గీత దగ్గర వాళ్ల రన్నింగ్ బ్యాక్ చేతిలోంచి బంతి జారి, దొర్లుకుంటూ వచ్చి, ముందు వరుస వెనుక నిలబడే మా లైన్‌బ్యాకర్ కాళ్ల దగ్గర ఆగింది. మరోసారి ఎండ్‌జోన్‌లో (మైదానం చివర, బంతితో చేరితే టచ్‌డౌన్ అయ్యే చోటులో) చుట్టుపక్కల మా వాళ్లెవరూ లేని రిసీవర్, చేతుల్లో పడిన బంతిని జారవిడిచాడు. ఆ డ్రైవ్, మిగిలిన రెండు డ్రైవ్‌లు ఫీల్డ్ గోల్స్‌తో (బంతిని గోల్ కర్రల మధ్యకు తన్నితే వచ్చే మూడేసి పాయింట్లతో) ముగిశాయి. మొత్తం మీద వాళ్లకు దక్కినవి తొమ్మిది పాయింట్లే. మర్నాడు అందరూ మా డిఫెన్స్ గోడలా నిలబడిందని రాశారు. నేను చూసింది గోడ కాదు.

సీజన్ మధ్యలో, ఇంత తక్కువ మ్యాచ్‌ల ఆధారంతో, డిఫెన్స్ నిజంగా మంచిదో కాదో ఏ అంకెను బట్టి చెప్పాలి? బలహీనమైన ప్రత్యర్థులతో ఆడిన మ్యాచ్‌లను ఎలా లెక్కలోకి తీసుకోవాలి? అంకెలు పక్కన పెడితే, టీవీలో చూసే నా వంటి వాడు ప్రతి ఆటలో కళ్లు ఎక్కడ నిలపాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే కృతజ్ఞుడిని.

సమాధానం: నాలుగోడౌన్

గజాలలెక్క గారూ, మీ నోటుపుస్తకం ఆ రెండు పట్టికల కన్నా ఎక్కువ చెబుతోంది. అవి చెప్పలేనిది ఏమిటో ముందు చూద్దాం.

పాయింట్ల పట్టికలో ఉన్న మొదటి లోపం ఏమిటంటే, డిఫెన్స్ మైదానంలో లేనప్పుడు వచ్చిన పాయింట్లను కూడా అది డిఫెన్స్ ఖాతాలోనే వేస్తుంది. 2020 జనవరి 4న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ సొంత మైదానంలో టెనెసీ టైటన్స్ చేతిలో 20-13తో ఓడిపోయింది. ఆ ఇరవైలో చివరి ఆరు పాయింట్లు పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) టామ్ బ్రేడీ విసిరిన బంతిని టైటన్స్ ఆటగాడు లోగన్ రయన్ అందుకుని ఎండ్‌జోన్‌లోకి తీసుకువెళ్లడం వల్ల వచ్చాయి. ఆ క్షణంలో పేట్రియట్స్ డిఫెన్స్ బెంచీ మీద కూర్చుని ఉంది. అది నిజంగా ఇచ్చినవి పద్నాలుగు పాయింట్లు. పట్టికలో మాత్రం ఇరవై అని ఉంటుంది. పంట్ (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించడం), కికాఫ్ (ఆట మొదలుపెట్టే తన్ను) తర్వాత ఆ బంతిని వెనక్కు తెచ్చి చేసిన టచ్‌డౌన్లది కూడా ఇదే కథ.

రెండవ లోపం, డ్రైవ్ ఎక్కడ మొదలైందన్నది పట్టికకు పట్టదు. ప్రత్యర్థి తన ఇరవై గజాల గీత నుంచి ఎనభై గజాలు నడిచి చేసిన టచ్‌డౌన్, మన క్వార్టర్‌బ్యాక్ పోగొట్టిన బంతితో పదిహేను గజాల దూరంలో మొదలుపెట్టి చేసిన టచ్‌డౌన్ దానికి ఒకటే. ఇదివరకటి సీజన్లతో పోల్చేటప్పుడు నియమాల మార్పును కూడా మరచిపోకూడదు. 2024లో కొత్త కికాఫ్ పద్ధతి వచ్చింది, 2025లో టచ్‌బ్యాక్ (తన్నిన బంతిని ఎవరూ వెనక్కు తేకుండా ఆట ఆగడం) తర్వాత బంతిని 35 గజాల గీత దగ్గర పెట్టడం మొదలైంది. కనుక ఈనాటి డిఫెన్స్‌లు మునుపటి కన్నా తక్కువ నేలను కాపాడుకుంటూ ఆడుతున్నాయి.

గజాల పట్టికకు వేరే జబ్బు ఉంది. మన జట్టు మూడవ క్వార్టర్‌కే ఇరవై పాయింట్ల ఆధిక్యంలో ఉంటే, ప్రత్యర్థి ఇక పరుగు మానేసి పాస్‌లే వేస్తుంది. మన కోచ్ సేఫ్టీలను (అందరికన్నా వెనుక నిలబడే డిఫెండర్లను) వెనక్కు జరిపి, చిన్న పాస్‌లు ఇస్తూ గడియారాన్ని కరిగిస్తాడు. అలా ఇచ్చిన గజాలు తెలిసి చెల్లించిన మూల్యం. వాటిని సమానంగా ఉన్న మొదటి క్వార్టర్‌లో ఇచ్చిన గజాలతో కలిపి కూడితే, మంచి జట్టు డిఫెన్స్ చెడ్డదిగా కనిపిస్తుంది.

అందుచేత మ్యాచ్‌కు ఎన్ని అన్న లెక్క వదిలి, డ్రైవ్‌కు ఎన్ని పాయింట్లు, ఆటకు (బంతి ఒకసారి కదిలి ఆగేదాకా ఒక ఆట) ఎన్ని గజాలు అన్న లెక్కలోకి రండి. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఎనిమిది మ్యాచ్‌లంటే ఎనిమిది అంకెలే. కానీ ఒక మ్యాచ్‌లో డిఫెన్స్ సుమారు పది పన్నెండు డ్రైవ్‌లను, అరవైకి పైగా ఆటలను ఎదుర్కొంటుంది కనుక, ఎనిమిది మ్యాచ్‌లు ముగిసేసరికి మీ చేతిలో తొంభై దాకా డ్రైవ్‌లు, దాదాపు ఐదు వందల ఆటలు ఉంటాయి. ఐదు వందల ఆటలను బట్టి చేసే అంచనా, ఎనిమిది స్కోర్లను బట్టి చేసే అంచనా కన్నా నిలకడగా ఉండడం సహజం.

ఆ ఐదు వందల ఆటలను తూచడానికి ఇంట్లో కూర్చుని చేయగలిగిన తేలిక పద్ధతి సక్సెస్ రేట్. పది గజాలు ముందుకు పోవడానికి అఫెన్స్‌కు (దాడి చేసే దళానికి) దొరికే నాలుగు ప్రయత్నాలలో ఒక్కొక్కటీ ఒక డౌన్. మొదటి డౌన్‌లో కావలసిన గజాలలో 40 శాతం, రెండవ డౌన్‌లో 60 శాతం, మూడు, నాలుగు డౌన్లలో మొత్తం సాధిస్తే ఆ ఆట అఫెన్స్‌ది, లేకపోతే డిఫెన్స్‌ది. మొదటి డౌన్, పది గజాలు ఉన్నప్పుడు మూడు గజాలు ఇస్తే మీరు గెలిచారు, నాలుగు ఇస్తే ఓడారు. మీ నోటుపుస్తకంలో ప్రతి ఆట పక్కన ఒక టిక్కు పెడితే చాలు. దీనికన్నా లోతుగా వెళ్లాలనుకుంటే ఈపీఏ (ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్ యాడెడ్) ఉంది. డౌన్‌ను, దూరాన్ని, బంతి ఉన్న చోటును బట్టి సగటున ఎన్ని పాయింట్లు వస్తాయో లెక్కగట్టి, ఒక్కో ఆట ఆ అంచనాను ఎంత పెంచిందో, ఎంత తగ్గించిందో అది చూపుతుంది.

ఇక మీ అసలు సందేహం. పాయింట్లు తక్కువగా ఉండి గజాలు ఎక్కువగా ఉన్నాయంటే సాధారణంగా రెండు కారణాలు: టర్నోవర్లు (దాడి చేసే జట్టు బంతిని పోగొట్టుకోవడం), రెడ్ జోన్ (చివరి ఇరవై గజాలు). రెండూ సీజన్ మధ్యలో మనలను మోసగించేవే. నేల మీద పడ్డ ఫంబుల్ (చేతిలోంచి జారిన బంతి) ఎవరికి చిక్కుతుందన్నది ఇంచుమించు సగానికి సగం. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. మీ లైన్‌బ్యాకర్ కాళ్ల దగ్గరకు వచ్చిన బంతి, ఇంకొక వారం ప్రత్యర్థి గార్డ్ కడుపు కిందకు వెళుతుంది. రెడ్ జోన్‌లో ఎనిమిది మ్యాచ్‌లలో పాతిక, ముప్పై డ్రైవ్‌లకు మించి ఉండవు కనుక, అందులో మూడు నాలుగు అటూ ఇటూ అయినా శాతం తారుమారవుతుంది.

దీనికి నేను ఎప్పుడూ గుర్తు చేసుకునే జట్టు 2011 నాటి గ్రీన్ బే ప్యాకర్స్. ఆ సీజన్‌లో వాళ్లు 15 గెలిచి ఒక్కటే ఓడారు. ఇచ్చిన గజాలలో లీగ్‌లో చిట్టచివరి జట్టు వాళ్లే, ఇంటర్‌సెప్షన్లలో (ప్రత్యర్థి పాస్‌ను గాల్లోనే అందుకోవడంలో) 31తో లీగ్‌లో మొదటి జట్టూ వాళ్లే. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ స్కోరు పెంచుతుంటే ప్రత్యర్థులు వెంటపడి పాస్‌లు వేయవలసి వచ్చిందన్నది నిజమే, కాబట్టి గజాలలో కొన్నింటిని మన్నించవచ్చు. కానీ అంతకు ముందు ఏడు 47 శాక్‌లు (బంతి విసరక ముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేసిన ఆ డిఫెన్స్ ఆ ఏడు 29 మాత్రమే చేసింది. క్వార్టర్‌బ్యాక్ మీద ఒత్తిడి తగ్గిందన్న సంగతిని 31 ఇంటర్‌సెప్షన్లు కప్పిపెట్టాయి. జనవరిలో న్యూయార్క్ జెయింట్స్ వచ్చి వాళ్ల సొంత మైదానంలోనే 37-20తో ఓడించినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు.

సమాధానం: వెనుకవరుస

లెక్కల గురించి పై వారు చెప్పిన దానితో ఏకీభవిస్తాను. టీవీలో కళ్లు ఎక్కడ నిలపాలన్న ప్రశ్నకు మాత్రం నేను జవాబిస్తాను, ఎందుకంటే నేను కొన్నేళ్లుగా ప్రతి మ్యాచ్‌ను రెండు సార్లు చూస్తున్నాను: ఒకసారి అందరిలాగే బంతి వెంట, రెండవసారి ఇరవై రెండు మందినీ ఒకే చట్రంలో చూపే ఆల్-22 చిత్రంలో బంతిని వదిలేసి.

ప్రసారంలో కెమెరా క్వార్టర్‌బ్యాక్‌కు దగ్గరగా ఉంటుంది కనుక సేఫ్టీలు చాలా సార్లు చట్రం బయటే ఉంటారు. పాస్ గాలిలోకి లేచాకే మనకు వాళ్లు కనిపిస్తారు, అప్పటికి జరగవలసిన తప్పు జరిగిపోయి ఉంటుంది. అందుకే ప్రసారం మాత్రమే చూసేవారు ప్రతి పెద్ద పాస్‌కూ కార్నర్‌బ్యాక్‌ను (అంచున రిసీవర్‌ను కాపు కాసేవాడిని) నిందిస్తారు. సేఫ్టీ లోపలి నుంచి సాయం వస్తుందని నమ్మి కార్నర్ బయటి వైపు కాపు కాస్తాడు; సేఫ్టీ ప్లే-యాక్షన్‌కు (పరుగు అన్నట్టు నటించి పాస్ వేయడానికి) మోసపోయి రెండడుగులు ముందుకు వేస్తాడు; రిసీవర్ ఆ ఖాళీలోంచి దూసుకుపోతాడు. తెర మీద వెనకబడి పరుగెత్తేది కార్నరే, తప్పు చేసింది మాత్రం అతను కాదు. కార్నర్ తప్పు ఎప్పుడూ ఉండదని నా ఉద్దేశం కాదు. చట్రం బయట ఏం జరిగిందో తెలియకుండా తీర్పు చెప్పకూడదని మాత్రమే అంటున్నాను.

ప్రసారంలోనే స్పష్టంగా చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, ఎంతమందితో ఒత్తిడి తెస్తున్నారన్నది. బంతి కదలగానే ముందుకు దూకుతున్న వాళ్లను లెక్కపెట్టండి. నలుగురితోనే క్వార్టర్‌బ్యాక్‌ను కదిలించగలిగితే వెనుక ఏడుగురు కాపు కాయడానికి మిగులుతారు. అది నిలిచే డిఫెన్స్. ఐదారుగురిని పంపితే గాని ఒత్తిడి రావడం లేదంటే, తొందరగా బంతి వదిలే క్వార్టర్‌బ్యాక్ ఎదురైన రోజున ఆ డిఫెన్స్ చిక్కుల్లో పడుతుంది. శాక్‌లను మాత్రమే లెక్కపెట్టకండి. కొన్ని వారాలు ఒత్తిడి శాక్‌గా మారుతుంది, కొన్ని వారాలు క్వార్టర్‌బ్యాక్ చివరి క్షణంలో బంతిని గీత బయటకు విసిరి తప్పించుకుంటాడు. ఒత్తిడి నిలకడగా వస్తోందా లేదా అన్నదే ముఖ్యం.

2025 ఫిబ్రవరి 9న జరిగిన సూపర్ బౌల్‌లో (లీగ్ ఫైనల్‌లో) ఫిలడెల్ఫియా ఈగిల్స్ డిఫెన్స్ దీనికి చక్కని ఉదాహరణ. ఆ రోజు వాళ్ల డిఫెన్స్ కోచ్ విక్ ఫాంజియో బ్లిట్జ్ (నలుగురికి మించి క్వార్టర్‌బ్యాక్ మీదకు దూకడం) పంపనే లేదు, అయినా చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్‌ను ఆరు సార్లు శాక్ చేశారు. మొదటి సగంలో కాన్సస్ సిటీ చీఫ్స్ సంపాదించింది 23 గజాలు. రెండవ క్వార్టర్‌లో ఈగిల్స్ ఆటగాడు కూపర్ డిజీన్ అందుకున్న ఇంటర్‌సెప్షన్‌ను మళ్లీ చూడండి. ఒత్తిడికి మహోమ్స్ తన కుడి వైపుకు జరుగుతాడు, ఒంటిని సరిచేసుకోకుండానే మైదానం మధ్యలోకి విసురుతాడు, డిజీన్ ముందే అక్కడ ఉంటాడు, 38 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేస్తాడు. స్కోరు పుస్తకంలో అది డిజీన్ పేరు మీద ఉన్నా, ఆ ఆటను తయారుచేసింది ముందు వరుసలో ఉన్న నలుగురు.

రెండవది, మొదటి మనిషి పట్టు. మూడవ డౌన్, ఏడు గజాలు. రిసీవర్ నాలుగు గజాల దగ్గర బంతి అందుకుని తిరుగుతాడు, ఎదురుగా మనవాడు ఒక్కడే ఉన్నాడు. అతను తల వంచి గుద్దడానికి వెళతాడా, లేక నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకుంటాడా? పట్టుకుంటే పంట్. గుద్దబోయి జారితే మొదటి డౌన్, ఇంకా మూడు ఆటలు, ఇంకా రెండు నిమిషాలు మైదానంలో అలసట. సీజన్ సాగే కొద్దీ గాయాలతో, బడలికతో ఈ పట్టు సడలుతుంది, అది స్కోరులో కనపడక ముందే కంటికి కనిపిస్తుంది. నేను నా కాగితం మీద తప్పిన టాకిల్స్‌కు ప్రత్యేకంగా ఒక గడి పెట్టుకున్నది అందుకే.

మూడవది చిన్న విషయం: ఆట మొదలవ్వక ముందు మన ఆటగాళ్లు ఒకరికొకరు చేతులూపుతూ సర్దుకుంటున్నారా, లేక బంతి కదిలిన తర్వాత కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారా గమనించండి.

గజాలలెక్క

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి నోటుపుస్తకం తీసి సక్సెస్ రేట్ పద్ధతిలో మొదటి మూడు మ్యాచ్‌లకు టిక్కులు పెట్టాను. ఒక సంగతి అప్పుడే తెలిసింది: మేము మొదటి డౌన్‌లో చాలా తరచుగా ఓడుతున్నాము, మూడవ డౌన్‌లో గెలుస్తూ దాన్ని సర్దుకుంటున్నాము. ఇది ఎంతకాలం నడుస్తుందన్నదే నా భయం.

ఇంకా రెండు మాటలు అడగాలి. మేము ఎదుర్కొన్న క్వార్టర్‌బ్యాక్‌లలో ముగ్గురు అసలు ఆటగాడు గాయపడగా దిగిన వాళ్లు. అది ఎంత తగ్గించి చూడాలి? అలాగే గాయంతో బయట ఉన్న మా స్లాట్ కార్నర్ (మైదానం మధ్య వైపు నిలబడే రిసీవర్‌ను కాపు కాసేవాడు) రెండు వారాల్లో తిరిగి వస్తున్నాడు. ఒక్క మనిషితో ఇన్ని వారాల లెక్క మారుతుందా?

సమాధానం: ఆదివారంఆట

మొదటి ప్రశ్నకు 2019 నాటి పేట్రియట్స్ కన్నా మంచి పాఠం నాకు తెలియదు. మొదటి ఎనిమిది మ్యాచ్‌లలో వాళ్లు అన్నీ గెలిచి మొత్తం 61 పాయింట్లు మాత్రమే ఇచ్చారు. చరిత్రలోని గొప్ప డిఫెన్స్‌లతో పోలికలు అప్పటికే మొదలయ్యాయి. అయితే ఆ ఎనిమిదింటిలో ప్రత్యర్థులు ఎవరు? ఆ ఏడు 5 గెలిచి 11 ఓడిన డాల్ఫిన్స్, 4-12తో ముగించిన జెయింట్స్, 3-13తో ముగించిన వాషింగ్టన్, రెండు సార్లు జెట్స్. తొమ్మిదవ మ్యాచ్‌లో బాల్టిమోర్ రేవెన్స్ ఎదురైంది. లమార్ జాక్సన్ నడిపిన ఆ జట్టు ఆ సీజన్‌లో 3,296 గజాలు పరుగెత్తి లీగ్ రికార్డు నెలకొల్పింది. ఆ ఒక్క రాత్రి పేట్రియట్స్ డిఫెన్స్ మీద 210 గజాలు పరుగెత్తి 37-20తో గెలిచింది.

అప్పుడు చాలామంది దాన్ని ఒక్క చెడ్డ రోజుగా కొట్టిపారేశారు. పేట్రియట్స్ నిజంగానే ఆ సీజన్‌ను లీగ్‌లో అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టుగా ముగించింది, కనుక ఆ డిఫెన్స్ చెడ్డదని నేను అనను. కానీ జనవరిలో, పైన నాలుగోడౌన్ గారు చెప్పిన టైటన్స్ మ్యాచ్‌లోనే, డెరిక్ హెన్రీ 34 సార్లు బంతి తీసుకుని 182 గజాలు పరుగెత్తాడు. టైటన్స్ క్వార్టర్‌బ్యాక్ పాస్‌లతో వచ్చింది 72 గజాలే. బలమైన పరుగు దాడి ఎదురైతే ఏమవుతుందో తొమ్మిదవ మ్యాచ్ ముందే చెప్పింది. అందుకని మీరు ప్రత్యర్థి బలాన్ని బట్టి సగటు తగ్గించడంతో సరిపెట్టకండి. ఉత్తమమైన ప్రత్యర్థి ఏ దారిలో వచ్చి గెలిచిందో దాన్ని విడిగా రాసి పెట్టుకోండి. సగటు కావాలంటే ఆరన్ షాట్జ్ రూపొందించిన డీవీఓఏ ఉంది, ప్రతి ఆటనూ పరిస్థితిని, ప్రత్యర్థిని బట్టి సవరించి చూపుతుంది. డిఫెన్స్ విషయంలో అంకె సున్నా కన్నా ఎంత కిందికి పోతే అంత మంచిది.

ప్రత్యామ్నాయ క్వార్టర్‌బ్యాక్‌లతో ఆడిన మూడు మ్యాచ్‌లను పూర్తిగా పారేయవలసిన పని లేదు. పరుగును ఆపడం, టాకిల్ పట్టు వంటివి అక్కడ కూడా చాలావరకు చెల్లుతాయి. లోతైన పాస్‌ల కాపును మాత్రం ఆ మ్యాచ్‌లను బట్టి నమ్మకండి.

ఒక్క మనిషి సంగతి. 2006లో ఇండియానాపోలిస్ కోల్ట్స్ మ్యాచ్‌కు సగటున 173 గజాల పరుగు ఇచ్చి ఆ విషయంలో లీగ్‌లో చివర నిలిచింది. డిసెంబరులో జాక్సన్‌విల్ ఒక్క మ్యాచ్‌లోనే 375 గజాలు పరుగెత్తింది. ఆ అంకెలు చూసిన వారెవరూ ఆ డిఫెన్స్ మీద ఆశ పెట్టుకోరు. అయితే సేఫ్టీ బాబ్ శాండర్స్ గాయాల వల్ల ఆ రెగ్యులర్ సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లే ఆడాడు. ప్లేఆఫ్స్‌కు అతను తిరిగి వచ్చాడు. మొదటి మ్యాచ్‌లో, ఆ ఏడు 1,789 గజాలు పరుగెత్తిన లారీ జాన్సన్‌కు చీఫ్స్ తరఫున దక్కింది 32 గజాలు. కోల్ట్స్ ఆ ఏడు సూపర్ బౌల్ గెలిచింది. శాండర్స్ ఒక్కడే ఇదంతా చేశాడంటే మిగిలిన పదిమందికి అన్యాయం అవుతుంది, కానీ పరుగు వచ్చే సందులోకి సమయానికి చేరే సేఫ్టీ ఉండడం వల్ల ముందున్న ఏడుగురి పనీ తేలికైంది.

స్లాట్ కార్నర్ విషయంలోనైతే మీకు మరింత దగ్గరి ఉదాహరణ ఈగిల్స్. 2024లో మొదటి నాలుగు మ్యాచ్‌ల తర్వాత వాళ్లు రెండు గెలిచి రెండు ఓడారు, నాలుగవ దానిలో టాంపా బే 33 పాయింట్లు చేసింది. విరామ వారం తర్వాత ఆ ఏడే జట్టులోకి వచ్చిన డిజీన్‌ను స్లాట్‌లో నిలిపారు. అప్పటి నుంచి ఆ డిఫెన్స్ వేరే డిఫెన్స్. సీజన్ ముగిసేసరికి లీగ్‌లో అతి తక్కువ గజాలు ఇచ్చింది వాళ్లే. విరామానికి ముందు, తరువాత అని రెండు ఖాతాలు తెరవకుండా మొత్తం సగటు చూసినవారు ఆ జట్టును చాలా వారాల పాటు తక్కువగా అంచనా వేశారు. మీ ఆటగాడు తిరిగి వచ్చిన రోజు నుంచి మీరూ కొత్త పేజీ మొదలుపెట్టండి.

ఇదే జట్టు అంతకు ముందు ఏడు తలకిందులుగా నడిచింది. 2023లో 10 గెలిచి ఒక్కటి ఓడిన స్థితి నుంచి చివరి ఆరింటిలో ఐదు ఓడారు. డిసెంబరులో డిఫెన్స్ ఆటలు నిర్ణయించే బాధ్యతను షాన్ డెసాయ్ నుంచి మాట్ పట్రీషియాకు మార్చారు, పరిస్థితి బాగుపడలేదు. మొత్తం నాలుగే గెలిచిన అరిజోనా వాళ్ల మీద 35 పాయింట్లు చేసింది. ప్లేఆఫ్స్‌లో టాంపా బే చేతిలో 32-9తో ఓడిన రాత్రి, వెనుకవరుస గారు చెప్పిన జారిపోయే టాకిల్స్ ఒక్కొక్కటిగా చూసిన జ్ఞాపకం ఇప్పటికీ బాధ పెడుతుంది. గెలుస్తున్నన్ని వారాలూ ఆ లోపాలు అక్కడే ఉన్నాయి.

సమాధానం: మూడోక్వార్టర్

ఒక విషయంలో నాలుగోడౌన్ గారితో కొంత విభేదిస్తాను. టర్నోవర్లన్నీ అదృష్టమే అన్న భావన పాఠకులకు కలిగితే పొరపాటు అవుతుంది. 2013 సియాటిల్ సీహాక్స్ 39 సార్లు బంతిని లాక్కుంది. అదే జట్టు ఇచ్చిన పాయింట్లలోనూ, గజాలలోనూ కూడా లీగ్‌లో మొదటి స్థానంలో ఉంది. ఈ మూడింటిలోనూ ఒకేసారి మొదటిగా నిలవడం 1985 షికాగో బేర్స్ తర్వాత అదే మొదలు. ఆ సీజన్‌లో 606 పాయింట్లు చేసిన డెన్వర్ జట్టు సూపర్ బౌల్‌లో వాళ్ల ఎదుట ఎనిమిది పాయింట్లకు పరిమితమైంది. ఫంబుల్ ఎవరికి చిక్కిందన్నది అదృష్టమే కావచ్చు, కానీ బంతిని గుద్ది జారేలా చేయడం, రిసీవర్ చేతిలోని బంతి మీదకే గురిపెట్టి దెబ్బ వేయడం సాధనతో వచ్చేవి. చిక్కిన ఫంబుల్స్‌ను వదిలి, జారేలా చేసిన ఫంబుల్స్‌ను లెక్కపెడితే చాలు. ఇంటర్‌సెప్షన్లలో కూడా చేతికి తగిలిన పాస్‌లన్నిటినీ కలిపి చూడండి. పాస్ దారిలో తరచూ చేయి పెట్టే జట్టుకు ఇంటర్‌సెప్షన్లు ఏదో ఒక వారం వస్తూనే ఉంటాయి.

రెడ్ జోన్ మాటకొస్తే, కొన్ని డిఫెన్స్‌లు మైదానం మధ్యలో కావాలనే గజాలు వదులుతాయి. ఇద్దరు సేఫ్టీలను లోతుగా నిలిపి, పెద్ద ఆటను అడ్డుకుని, పది పన్నెండు ఆటల డ్రైవ్‌లో ప్రత్యర్థి ఎక్కడో ఒకచోట తప్పు చేస్తుందని ఎదురుచూస్తాయి. ఇరవై గజాల లోపల లోతు ఉండదు కనుక అక్కడ వాళ్ల బలం పెరుగుతుంది. గజాలలెక్క గారి జట్టు ఆ కోవకు చెందినదా కాదా అన్నది తేల్చడానికి ఇరవై గజాలకు పైగా ఇచ్చిన ఆటలు ఎన్నో చూస్తే సరిపోతుంది. అవి తక్కువగా ఉంటే అది పద్ధతి. అవీ ఎక్కువగా ఉండి పాయింట్లు తక్కువగా ఉంటే అప్పుడు ఆందోళన పడవలసిందే.

సమాధానం: నాలుగోడౌన్

మూడోక్వార్టర్ గారి సవరణ న్యాయమైనది, ఫంబుల్స్ విషయంలో నేను రాసిన మాటకు దాన్ని జోడించుకుని చదవమని కోరుతున్నాను. మూడవ డౌన్ గురించి గజాలలెక్క గారు గమనించిన దాని మీద మాత్రం నా అభిప్రాయం గట్టిది. మొదటి, రెండవ డౌన్లలో ఓడుతూ మూడవ డౌన్‌లో నెగ్గుకొస్తున్న డిఫెన్స్‌ను నేను రెడ్ జోన్ విషయంలో ఉన్నంత అనుమానంతోనే చూస్తాను. మొదటి రెండు డౌన్ల ఆటలే ఎక్కువ, అవే రాబోయే వారాల గురించి ఎక్కువ చెబుతాయి.

గజాలలెక్క

ఈ రెండు రోజులు మిగిలిన ఐదు మ్యాచ్‌ల పేజీలు కూడా పూర్తి చేశాను. ఇరవై గజాలకు మించిన ఆటలను ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. ఎరుపు ఎక్కువగానే ఉంది, అందులో సగానికి పైగా మైదానం మధ్యలో, సరిగ్గా మా స్లాట్ కార్నర్ నిలబడవలసిన చోట. మొదటి డౌన్‌లో ప్రత్యర్థి టైట్ ఎండ్ (ముందు వరుస చివర నిలబడి పాస్‌లు కూడా అందుకునేవాడు) అదే చోటుకు పదే పదే వచ్చాడని నేనే రాసుకున్నాను, కానీ ఇన్ని వారాలూ గమనించలేదు. ఈ డిఫెన్స్ పాయింట్ల పట్టిక చెప్పినంత గట్టిది కాదన్నది నాకు ఇప్పుడు స్పష్టం. అతను తిరిగి వచ్చే మ్యాచ్ నుంచి కొత్త పేజీ తీస్తాను, మొదటి డౌన్ ఆటలను, మైదానం మధ్యలోకి వచ్చిన పాస్‌లను వేరుగా రాసి నాలుగు మ్యాచ్‌ల తర్వాత ఇక్కడే పెడతాను.